మెట్లగదిలో పొగ: లూవర్లా, ఎగ్జాస్ట్ ఫ్యానా?

మోటారుతో తెరుచుకునే లూవర్లు (వాలు రెక్కలున్న కిటికీలు) ఉంటే వేడి పొగ తనంతట తానే పైకి లేచి బయటికి పోతుంది. ఇంగ్లండ్ అగ్నిభద్రతా మార్గదర్శకాలు అపార్ట్‌మెంట్ల మెట్లగది పైభాగాన 1 చదరపు మీటరు ఖాళీని కోరతాయి. అయితే రెక్కలు, పక్షుల వల ఆక్రమించిన చోటు తీసివేశాక మిగిలినదే అసలైన ఖాళీ. కింది నుంచి గాలి వచ్చే దారి లేకపోతే పైన ఎంత తెరిచినా పొగ సరిగా కదలదు. ఎదురుగాలి వీస్తే లోపలికే తిరిగి రావచ్చు.

ఫ్యానుకు గాలి దిశతో అంత ఇబ్బంది లేదు. ఎఫ్400 తరగతిదైతే 400 డిగ్రీల సెల్సియస్ వేడిలోనూ 2 గంటలు తిరుగుతుంది, కానీ ప్రత్యామ్నాయ విద్యుత్తు తప్పనిసరి.

సెల్లారుకు ఫ్యానే నయం. మెట్లగదికి మాత్రం, కరెంటు పోయినా స్ప్రింగుతో తెరుచుకునే లూవర్లనే ఎంచుకోమంటాను. వాటిని క్రమం తప్పకుండా తెరిచి చూడాలి.