డెట్రాయిట్‌లో మజిల్ కార్ల కోసం: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

పాత అమెరికన్ కారు, పెద్ద శబ్దం, బానెట్ మీద రెండు గీతలు కనబడితే చాలు, దాన్ని మజిల్ కారు అనేస్తారు. నేను ఒప్పుకోను. అది మధ్యస్థాయి సైజులో ఇంటిల్లిపాదీ ఎక్కే మామూలు కారు అయి ఉండాలి. అందులో పెద్ద కార్ల కోసం చేసిన వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను కంపెనీయే, తన ఫ్యాక్టరీలోనే బిగించి ఉండాలి. షిఫ్టు డ్యూటీ చేసుకునే కుర్రాడు వాయిదాల మీద కొనుక్కోగలిగే ధర ఉండాలి. 1964కీ 1972కీ మధ్య వచ్చి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా అది మంచి కారే కావచ్చు, గొప్ప కారే కావచ్చు, క్లాసిక్ మజిల్ కారు మాత్రం కాదు.

ఈ లెక్క పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది. కళ్లతో చూడాలంటే డెట్రాయిట్ వెళ్లాల్సిందే. మేముండే కొలంబస్ నుంచి కారులో మూడు, మూడున్నర గంటలు. మా అక్కా బావా అక్కడే ఉంటారు. బావ కార్ల కంపెనీలో ఇంజినీరు. ఆ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్‌లలో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి కార్ల పరిశ్రమే అన్నం పెడుతోంది. పాత కార్లన్నీ రోడ్డెక్కి ఊరేగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ఆగస్టు మూడో శనివారం జరుగుతుంది కాబట్టి ఆ వారమే పెట్టుకున్నాం.

మొదట డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు. తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనని ఎదురుతిరిగిన నల్లజాతి మహిళ రోజా పార్క్స్ కూర్చున్న బస్సు ఎక్కి కూర్చోవచ్చు. టికెట్ కాకుండా పార్కింగ్‌కు వేరే కట్టాలి. లోపల తిండి ఖరీదే. ఒక రోజంతా పెట్టుకోకపోతే హడావిడి అయిపోతుంది. కార్ల విభాగంలో నేను ఎక్కువసేపు నిలబడింది 1వ నంబరు ఫోర్డ్ మస్టాంగ్ దగ్గర. తెల్లటి కన్వర్టిబుల్. అమ్మకానికి కాకుండా ప్రదర్శన కోసం కెనడాకు పంపిన ఆ కారును అక్కడి డీలరు ఒక పైలట్‌కు అమ్మేశాడు. తర్వాత ఫోర్డ్ వాళ్లు అతన్ని బతిమాలి, పది లక్షల మార్కు దగ్గర తయారైన కొత్త మస్టాంగ్ ఇచ్చి దాన్ని వెనక్కి తీసుకున్నారు.

మస్టాంగ్ మజిల్ కారా? 1964 ఏప్రిల్ 17న బయటికొచ్చిన ఈ కారు కింద ఉన్నది ఫాల్కన్ అనే చిన్న కారు. పొడవాటి ముక్కు, పొట్టి వెనక భాగం, వెనక సీట్లో పిల్లలకు మాత్రమే చోటు. అమెరికన్లు దాన్ని పోనీ కారు అంటారు, అదే సరైన పేరు. కమారో, ఫైర్‌బర్డ్, బారకూడా అన్నీ ఆ కుటుంబమే. 1968లో వచ్చిన 428 క్యూబిక్ అంగుళాల కోబ్రా జెట్ ఇంజిన్ మస్టాంగ్‌లాంటి వాటిని నేను సరిహద్దు మీద నిలబెడతాను. అందులో పెద్ద కారు ఇంజిన్ ఉంది, ఫ్యాక్టరీ బిగింపే, ధరా అందుబాటులోనే ఉంది. సైజు ఒక్కటే కుదరలేదు. మామూలు ఆరు సిలిండర్ల మస్టాంగ్‌ను మాత్రం ఎవరెంత చెప్పినా లోపలికి రానివ్వను.

మజిల్ కార్ల కోసమే వెళ్లేవాళ్లకు ఈ మ్యూజియం మొదటి ప్రాధాన్యం కాదు. అసలు చూడాల్సింది రోడ్డు మీద.

వుడ్‌వర్డ్ అవెన్యూ డెట్రాయిట్ నడిబొడ్డున మొదలై పాంటియాక్ ఊరి వరకూ వాయవ్యంగా సాగుతుంది. మధ్యలో వెడల్పాటి డివైడర్, అక్కడక్కడా యూటర్న్ తీసుకునే దారులు. ఎడమవైపు తిరగాలంటే కాస్త ముందుకెళ్లి యూటర్న్ తీసుకోవాలి. అరవైల్లో కుర్రాళ్లకు ఆ ఏర్పాటు వరమైంది. రాయల్ ఓక్‌లో టోటెమ్ పోల్ అనే డ్రైవిన్ (కారులోనే కూర్చుని తినే హోటల్) దగ్గర బయల్దేరి, పైన టెడ్స్ అనే ఇంకో డ్రైవిన్ దాకా వెళ్లి, తిరిగి వచ్చి, రాత్రంతా అదే పని. సిగ్నల్ దగ్గర పక్క కారువాడితో కళ్లు కలిస్తే పందెం. కంపెనీల ఇంజినీర్లూ తమ కార్లతో అక్కడికే వచ్చేవారు. రాయల్ ఓక్‌లోనే రాయల్ పాంటియాక్ అనే డీలర్ షాపు ఉండేది. వాళ్లు పాంటియాక్ కంపెనీ జీటీఓ కార్లను ఇంకాస్త ట్యూన్ చేసి 'బాబ్‌క్యాట్' పేరుతో ఇచ్చేవారు. ఆ డ్రైవిన్‌లు, ఆ షాపు ఇప్పుడు లేవు. రోడ్డు ఉంది.

డ్రీమ్ క్రూజ్ 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానం కోసం చందాలు పోగుచేయడానికి మొదలైంది. ఇప్పుడు పదహారు మైళ్ల పొడవునా జనమే. టికెట్ లేదు. మడత కుర్చీ, నీళ్ల సీసాలు, గొడుగు తీసుకెళ్లాలి. నా సలహా ఒకటే: శనివారం కోసం ఎదురుచూడకండి, గురు, శుక్రవారాల సాయంత్రమే వెళ్లండి. శనివారం మధ్యాహ్నానికి కార్లు నత్తనడకన కదులుతుంటాయి, ఇంజిన్లు వేడెక్కి పక్కన ఆగిపోతుంటాయి, మామూలు రోజున ఊరికే ఉండే స్థలాల్లో కూడా పార్కింగ్‌కు డబ్బులు వసూలు చేస్తారు. పోర్టబుల్ టాయిలెట్ల దగ్గర చాంతాడంత క్యూ. సాయంత్రాలు అలా కాదు. కార్లు నిజంగా పరుగెడతాయి, యజమానులు తీరిగ్గా మాట్లాడతారు.

పదమూడో మైలు రోడ్డు దాటాక, ఒక దుకాణం ముందరి ఖాళీ స్థలంలో పక్కపక్కనే రెండు కార్లు కనబడ్డాయి. రెండూ 1964 పాంటియాక్‌లే. ఒకటి టెంపెస్ట్, రెండోది జీటీఓ. ఇద్దరు అన్నదమ్ములవి. మన అంబాసిడర్‌లాగే బజారుకూ బడికీ తిరగడానికి చేసిన కారు టెంపెస్ట్. జీటీఓదీ అదే ఒళ్లు, అవే తలుపులు, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య అదే 115 అంగుళాల దూరం. గ్రిల్ మీద మూడక్షరాలు, బానెట్ మీద గాలి చొరబడని రెండు ఉత్తుత్తి స్కూపులు, పైకి అంతే తేడా.

పెద్దాయన జీటీఓ బానెట్ ఎత్తారు. 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే దాదాపు 6.4 లీటర్లు. నెత్తిన గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బ్యురేటర్లు మూడు వరసగా ఉన్నాయి. మామూలుగా నడిపేటప్పుడు మధ్యది ఒక్కటే పనిచేస్తుందట, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే అటూ ఇటూ ఉన్నవి కూడా తెరుచుకుంటాయట. కారు నిలబడి ఉండగానే ఆయన ఒక్కసారి తొక్కారు. కారు మొత్తం ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంది. పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. మా చిన్నాడు చెవులు మూసుకున్నాడు గానీ అక్కణ్నుంచి కదల్లేదు.

ఇది ఎలా పుట్టిందో తెలిస్తే ఆ కారు ఇంకా బాగా కనబడుతుంది. 1963 మొదట్లో జనరల్ మోటార్స్ రేసుల నుంచి తన కంపెనీలన్నింటినీ తప్పించేసింది. అప్పటిదాకా రేసుల పేరు చెప్పుకునే పాంటియాక్ కార్లు అమ్మింది. ఇప్పుడేం చేయాలి? బిల్ కాలిన్స్ అనే ఇంజినీరు టెంపెస్ట్‌లోని 326 ఇంజిన్, పెద్ద పాంటియాక్‌లలోని 389 ఇంజిన్ బయటి కొలతల్లో ఒకటేనని గుర్తుచేశాడు. ఒకటి తీసి రెండోది పెడితే సరిపోతుంది. చీఫ్ ఇంజినీర్ జాన్ డిలోరియన్ వెంటనే పట్టుకున్నాడు. కాకపోతే మధ్యస్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు మించకూడదని సంస్థ నియమం. అందుకని కొత్త మోడల్ అనకుండా, టెంపెస్ట్ కుటుంబంలోని లెమాన్స్ కారుకు దాదాపు 295 డాలర్ల ఆప్షన్‌గా పెట్టారు. ఆప్షన్లకు పైవాళ్ల అనుమతి అక్కర్లేదు. అయిదు వేలు అమ్ముడుపోతే చాలనుకున్నారు, మొదటి ఏడాదే 32,450 పోయాయి. నా నిర్వచనంలోని ప్రతి ముక్కా ఈ కారు నుంచి తీసుకున్నదే.

ఆ సాయంత్రమే ఒక 1968 ప్లిమత్ రోడ్ రన్నర్ కూడా దగ్గరగా చూశాను. నా మనసులో మొదటి స్థానం దానిదే. ముందు సీటు బెంచీ, నేల మీద కార్పెట్ బదులు రబ్బరు మ్యాట్, టాక్సీలా ఉంది లోపల. అలంకారాల డబ్బంతా మిగిల్చి 383 ఇంజిన్ మీద పెట్టారు. ధర 2,896 డాలర్ల నుంచి మొదలు. కార్టూన్ పక్షి పేరు, బొమ్మ వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కు 50,000 డాలర్లు కట్టి, హారన్‌ను కూడా దాని గొంతులా 'బీప్ బీప్' అనిపించారు. పోటీ ధరలో వేగం ఇవ్వాలన్న ఆలోచన ఇంత నిజాయితీగా ఇంకే కారులోనూ కనబడలేదు నాకు.

దిగే చోటు విషయానికొస్తే, రాయల్ ఓక్‌లో అయితే నడుచుకుంటూ వుడ్‌వర్డ్‌కు చేరొచ్చు. కానీ ఆ వారానికి గదులు ఎప్పుడో నిండిపోతాయి, రాత్రిళ్లు నిద్రా పట్టదు. నోవైలో వేంకటేశ్వరస్వామి గుడి, మన సరుకుల దుకాణాలు ఉన్నాయి, పెద్దవాళ్లతో వెళ్తే అదే హాయి. రోడ్డు మాత్రం దూరం. నా ఓటు ట్రాయ్‌కే. ఆఫీసుల ప్రాంతం కాబట్టి హోటళ్లకు కొదవ లేదు, మన భోజనం దొరుకుతుంది, వుడ్‌వర్డ్ పక్కనే. ఒక్క జాగ్రత్త. మేం మొదటి రాత్రి దిగిన హోటల్లో బుకింగ్‌లో లేని అదనపు ఫీజు బిల్లులో వేశారు, చెప్పిన టైముకు గది ఇవ్వక పిల్లలతో లాబీలో కూర్చోబెట్టారు. గట్టిగా అడిగితే ఫీజు తీసేశారు గానీ ఆ టెన్షన్ ఎందుకు? ఆ వారం బుకింగ్ చేసేటప్పుడు మొత్తం ఎంతో రాతలో తీసుకోండి. మర్నాడు అక్కావాళ్లింటికి మారిపోయాం.

తిరుగు ప్రయాణానికి ముందు పడమటి వైపు వెళ్లి, కలమజూ దగ్గర హికరీ కార్నర్స్‌లోని గిల్మోర్ కార్ మ్యూజియం చూశాం. డెట్రాయిట్ నుంచి రెండు గంటలకు పైనే పడుతుంది. 90 ఎకరాల పచ్చిక, పాత ఎర్రటి కొట్టాలు, మధ్యలో కార్లు. మేం కట్టుకెళ్లిన పులిహోర చెట్టు కింద తిన్నాం. మజిల్ కార్ల వాటా తక్కువే అయినా నేను దీన్ని హెన్రీ ఫోర్డ్ కంటే పైన పెడతాను. ఇక్కడ దశాబ్దాల వారీగా నడుస్తూ పోతే, 1949 ఓల్డ్స్‌మొబైల్ రాకెట్ 88నీ 1955 క్రైస్లర్ 300నీ మజిల్ కార్లలో ఎందుకు కలపకూడదో అర్థమవుతుంది. మొదటిది దారి చూపించింది, నిజమే. 135 హార్స్‌పవర్ ఆ రోజుల్లో చాలా ఎక్కువ, కానీ అది 1964కు చాలా ముందుది. రెండోదాని 300 హార్స్‌పవర్ ఇంకా ఘనం, కానీ అది డబ్బున్నవాళ్ల పెద్ద కారు.

దారిలో బావతో వాదన. ఆయన దగ్గర హెమీ అనే వి8 ఇంజిన్ ఉన్న కొత్త డాడ్జ్ ఛాలెంజర్ ఉంది.

"ఇది కూడా హెమీయే కదరా, నాది మజిల్ కారు కాదా?" అన్నాడు.

"మజిల్ కారే బావా, కాదన్నానా? క్లాసిక్ కాదంటున్నాను."

1970 తర్వాత ఏం జరిగిందో చెప్పాను. ఇన్సూరెన్స్ కంపెనీలు కుర్రాళ్ల మీద ప్రీమియం విపరీతంగా పెంచాయి. కాలుష్య చట్టాలొచ్చాయి, 1971లో జనరల్ మోటార్స్ తన ఇంజిన్లు పెట్రోలు మిశ్రమాన్ని నొక్కే బిగువు, అంటే కంప్రెషన్, తగ్గించింది. 1972 నుంచి హార్స్‌పవర్‌ను నెట్ పద్ధతిలో, అంటే ఇంజిన్‌కు అన్ని అమరికలూ బిగించి ఉండగా లెక్కించడంతో కాగితం మీద అంకెలూ పడిపోయాయి. 1973 అక్టోబరులో చమురు ఆంక్షలు. 1974 జీటీఓను వెంచురా అనే చిన్న కారు మీద కట్టి, ఆ ఏడాదితో ఆపేశారు. ఆ ధర, ఆ కుర్రాడు, ఆ ఇన్సూరెన్స్ ఉన్న కాలం మళ్లీ రాలేదు. కార్వెట్ సంగతీ అడిగాడు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, దానికి వేరే వంశం ఉంది.

కొనే ఆలోచనతో వెళ్లేవాళ్లు వుడ్‌వర్డ్ పక్కన 'ఫర్ సేల్' బోర్డు చూసి మోజుపడొద్దు. టెంపెస్ట్‌కు జీటీఓ అక్షరాలు అతికించిన కార్లు చాలా ఉన్నాయి. 1966 నుంచి 1971 దాకా జీటీఓ వేరే మోడల్ కాబట్టి ఆ కార్ల ఛాసిస్ నంబరు 242తో మొదలవ్వాలి. 1964, 65 కార్లలో అది ఆప్షన్ మాత్రమే, నంబరు చూసి తేల్చలేం. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్లు ఫ్యాక్టరీ రికార్డుల కాపీ ఇస్తారు, అది చేతికొచ్చాకే బేరం మొదలుపెట్టాలి. ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన తన కాగితాన్ని గ్లోవ్ బాక్సులోంచి తీసి, ప్లాస్టిక్ కవరుతో సహా నా చేతికిచ్చి చదువుకోమన్నారు. ఆయన కారు నిజమైనదే.