ఉప్పు పూత పళ్ళేల కోసం స్టోక్ దాకా

బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు ఒక శని, ఆదివారం స్టోక్ ఆన్ ట్రెంట్ వెళ్ళొచ్చాం. రైల్లో గంట. "పాత కంచాలు చూడ్డానికా నాన్నా?" అంది. అవును, ఉప్పు ఆవిరితో పూత పట్టించిన పాత తెల్ల పళ్ళేల కోసమే.

స్టోక్ అంటే ఆరు ఊళ్ళు కలిసిన, మట్టిసామానుకి పేరుపడ్డ నగరం. స్టేషన్ ఒక ఊళ్ళో ఉంటే, ఆ పళ్ళేలున్న పాటరీస్ మ్యూజియం హాన్లీ అనే ఇంకో ఊళ్ళో. నడుద్దామని బయల్దేరితే ఎత్తు దగ్గర మోకాళ్ళు మొరాయించాయి. మీరు బస్సెక్కండి.

హాన్లీలో గెస్ట్‌హౌస్ గది శుభ్రంగానే ఉంది. వేణ్ణీళ్ళు మాత్రం ఉదయం ఏడున్నర దాటాకే. ఆ ముక్క బుకింగప్పుడు చెప్పలేదు. టిఫిన్‌కి ఓట్‌కేక్ తినండి. పేరుకే కేకు, చూస్తే మన అట్టే. లోపల చీజ్ పెట్టి మడుస్తారు. నేను సంచిలోని కందిపొడి తీశాను, అమ్మాయి తల పట్టుకుంది.

పాటరీస్ మ్యూజియంకి టికెట్ లేదు. జనమంతా ఆ జిల్లా పొలంలో దొరికిన పాత బంగారు నిధి దగ్గర మూగారు, ఉప్పు పూత తెల్ల పళ్ళేల దగ్గర నేనొక్కణ్ణే. 18వ శతాబ్దపు సరుకది. ఇంగ్లండ్ నైరుతిలోని డెవన్ తెల్లమట్టిలో కాల్చి నూరిన చెకుముకి రాయి కలిపేవాళ్ళు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి పనివాళ్ళని చంపేది. అందుకే 1726లో థామస్ బెన్సన్ నీళ్ళలో నూరే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. బట్టీ బాగా కాగాక పైకంతల్లోంచి మామూలు ఉప్పు విసిరితే, ఆ ఆవిరి మట్టిలోని సిలికాతో కలిసి గాజు పొరై అంటుకుంటుంది. అందుకే పైన బత్తాయి తొక్కలా సన్నటి గుంటలు.

ఒక డెజర్ట్ పళ్ళెం దగ్గర పావుగంట నిలబడ్డాను. అంచున ఒకచోట బుట్ట అల్లిక, పక్కన చుక్కల గళ్ళు, ఆ పక్కన బార్లీ గింజలు, అన్నీ అచ్చులో తీసినవే. సీసం పూతైతే పారి గళ్ళు పూడ్చేస్తుంది. ఇది పల్చన కాబట్టి గింజకి గింజ విడిగా కనిపిస్తోంది. పక్కనే 'స్క్రాచ్ బ్లూ' కప్పు ఉంది. పచ్చిమట్టి మీద సూదితో పువ్వు గీసి, గీతల్లో నీలం రంగునిచ్చే కోబాల్ట్ పొడి రుద్దారు. ఒకచోట చెయ్యి జారి నీలం గీత దాటింది. నాకదే ఎక్కువ నచ్చింది. 1760ల్లో జోసయ్య వెడ్జ్‌వుడ్ అనే ఇక్కడి కుమ్మరి చేసిన క్రీమ్ రంగు సామాను వచ్చాక వీటి గిరాకీ పోయింది.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఇవి ఉన్నాయి, అదీ ఉచితమే. కానీ అక్కడికి అరపూట పెట్టుకుని వెళ్ళడం నా తప్పు. పై అంతస్తు చేరేసరికి టైమైపోయింది. ఇవొక్కటే చూడాలంటే మాత్రం హాన్లీకే నా ఓటు.

ఆదివారం స్టోక్‌లోనే ఇంకో ఊరైన లాంగ్టన్‌లో, పాత మట్టిసామాను ఫ్యాక్టరీలో పెట్టిన గ్లాడ్‌స్టన్ మ్యూజియం చూశాం. దీనికి టికెట్ ఉంది. సీసా ఆకారపు బట్టీ లోపలికెళ్ళి తలెత్తి చూడొచ్చు, ఆ ఒక్కదానికే డబ్బులు గిట్టాయి.

తిరుగుదారిలో ఒక పాతసామాన్ల కొట్టాయన అంచు విరిగిన ఉప్పు పూత పళ్ళెం చేతికిచ్చాడు. వేలితో రాస్తే నిజంగా బత్తాయి తొక్కే. ధర విన్నాక రెండు చేతులతో జాగ్రత్తగా దాని చోట దాన్ని పెట్టేశాను.