అంకె దగ్గర ఆగిపోయే పంపు: ఏళ్ల తరబడి వాడాక

కారు సాకెట్‌కి తగిలించి టైర్లకు గాలి కొట్టుకునే ఈ చిన్న పంపులో నాకు ప్రాణం ఒక్కటే. టైరులో ఎంత గాలి ఒత్తిడి కావాలో ఆ అంకె పెట్టి బటన్ నొక్కితే, అక్కడిదాకా కొట్టి దానంతటదే ఆగిపోతుంది. లైటు, సంచీ, రకరకాల నాజిళ్లు ఏ పంపుకైనా వస్తాయి కాబట్టి వాటి జోలికి పోను. ఆ ఆగిపోవడం గురించే చెప్పాలి. మేమిద్దరం చేసే దూర ప్రయాణాల తీరే దానివల్ల మారిపోయింది.

మాకు ఎక్కడికైనా కారులోనే వెళ్లడం ఇష్టం. పొద్దున పూట మా ఆయన నడుపుతారు, మధ్యాహ్నం దాటాక నేను తీసుకుంటాను. రోజంతా అలా పక్కపక్కన కూర్చుంటే ఒక విషయం తెలుస్తుంది. పెద్ద పెద్ద సంగతులు కారులో చాలా నెమ్మదిగా మాట్లాడుకోగలం. డబ్బు, ఉద్యోగం, అమ్మానాన్నల ఆరోగ్యం, ఇంట్లో తేలనివి కూడా అక్కడ తేలిపోతాయి. ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి కావచ్చు. మాట పెరిగేదల్లా "బండి ఎడమకి లాగుతోంది కదూ?" అన్న దగ్గర, అంటే ఆ వైపు టైరులో గాలి తగ్గిందేమోనని. నడిపేవాళ్లకి లాగుతున్నట్టు ఉంటుంది. పక్కవాళ్లకి రోడ్డే అటు వాలుగా ఉన్నట్టు ఉంటుంది. ఇద్దరి దగ్గరా రుజువు ఉండదు. "పొద్దున చూశాను, బాగానే ఉంది" అని ఆయన, "కాలితో తన్ని చూస్తే ఏం తెలుస్తుందండీ" అని నేను. ఆ తర్వాత చాలాసేపు కారులో మాటలుండేవి కావు.

పెట్రోలు బంకులో గాలి కొట్టించుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. అక్కడికి వెళ్లేసరికి టైర్లు వేడెక్కి ఉంటాయి, అదీ చిక్కు. తలుపు తీస్తే కనిపించే స్తంభం మీద కంపెనీ అతికించిన చీటీలోని అంకె చల్లటి టైరుకి వర్తించేది. అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండికి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే టైరులో దాదాపు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరుగుతుంది. వేడి టైరులో 32 చూసి సరిపోయిందనుకుంటే, తెల్లారేసరికి అది 29కో 28కో దిగిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు చూడాలంటే బస చేసిన చోటే చూడాలి, దానికి పంపు మన దగ్గరే ఉండాలి.

అసలు దీని విలువ తెలిసింది ఒక కొండ ప్రాంతపు ప్రయాణంలో. ముందు రోజు సాయంత్రమంతా అదే చర్చ, లాగుతోందా లేదా అని. డ్యాష్‌బోర్డు మీద గాలి తగ్గిందని చెప్పే టైరు గుర్తు వెలగలేదు కాబట్టి ఏమీ లేదని ఆయన ధీమా. ఆ గుర్తు సంగతి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి, ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లకు ఆ హెచ్చరిక తప్పనిసరి చేశారు, మంచి పనే. కానీ అమెరికా నిబంధన ప్రకారం ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గితేనే అది వెలగాలి. 32 ఉండాల్సిన టైరు 24కి పడిపోయేదాకా దీపం ఆరే ఉండొచ్చన్నమాట. 27 దగ్గర బండి తేడా చేతికి తెలుస్తుంది, దీపానికి తెలియదు.

పొద్దున పంపు పెట్టాను. మూడు టైర్లు 32, 32, 31. వెనక ఎడమది 27. ఆ అంకె చూడగానే ఆయన నా పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నారు. 32 పెట్టి నొక్కితే కొట్టి ఆగింది. సామాన్లు సర్దుకుని వచ్చి మళ్లీ తగిలిస్తే 30. అంటే కారుతోంది. సీసాలో సబ్బు నీళ్లు కలిపి టైరు చుట్టూ పోశాం. ఒక గాడిలో, రాయి ఇరుక్కుందనిపించే చోట, స్క్రూ తల మెరిసింది. దాని అంచున సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. "పీకేయనా?" అన్నారు. "వద్దు వద్దు, ఉండనివ్వండి" అన్నాను. ట్యూబ్‌లెస్ టైరులో ఆ స్క్రూయే బిరడాలా పనిచేస్తుంది, పీకితే ఉన్న గాలి కాస్తా త్వరగా పోతుంది. స్టెప్నీ వేయొచ్చు, కానీ మాది గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదని రాసి ఉండే సన్నటి రకం. మేమున్నది ఏటవాలు, సన్నగా వాన. అక్కడ జాకీ ఎత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు. నెమ్మదిగా దిగుతూ, మధ్య మధ్య ఆగి చూసుకుంటూ, కింది ఊరిదాకా పోదామనుకున్నాం.

మొదటి మజిలీ బాగానే గడిచింది. రెండోసారి ఆపి కొడుతుంటే పంపు టక్కున ఆగిపోయింది. అంకె కూడా ఆరిపోయింది. పక్క సాకెట్‌లో ఉన్న ఫోన్ ఛార్జర్ దీపం కూడా పోయింది. రెండు సాకెట్లకీ ఒకటే ఫ్యూజ్ అని అప్పుడు అర్థమైంది. కాసేపు నిజంగా టెన్షన్ పడ్డాం, మ్యాపు చూసే ఫోన్‌లో ఛార్జింగ్ అంతంత మాత్రమే. స్టీరింగ్ కింది పెట్టె మూత తీస్తే లోపలి వైపు బొమ్మ ఉంది, ఏ ఫ్యూజ్ దేనిదో. విడి ఫ్యూజ్‌లు, వాటిని లాగడానికి చిన్న ప్లాస్టిక్ పట్టకారు అందులోనే ఉన్నాయి. ఆయన టార్చి పట్టుకున్నారు, నేను లాగాను. నీలం రంగు, 15 అని రాసి ఉంది, లోపలి తీగ మధ్యలో తెగిపోయింది. మళ్లీ నీలం 15 పెట్టాను. ఇంకా పెద్దది పెడితే పనిచేస్తుంది గానీ, వైరు వేడెక్కినా ఫ్యూజ్ తెగదు, అది ప్రమాదం. పంపు మళ్లీ మోగిన ఆ శబ్దానికి ఆయన "హమ్మయ్య" అని రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డారు. అప్పటినుంచీ పంపు నడిచేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచుతాం, ఇంకేదీ సాకెట్‌లో పెట్టం.

కింద పంక్చర్ వేసినతను తన గేజ్‌తో చూసి 30 అన్నాడు. మా పంపు 32 చూపించి అప్పటికి ఎంతోసేపు కాలేదు, పంక్చర్ కూడా వేసేశాక కొట్టిన గాలి అది. ఇంటికొచ్చాక మంచి చేతి గేజ్ ఒకటి కొని నాలుగు టైర్లూ పోల్చి చూశాను. మా పంపు ప్రతిసారీ ఓ రెండు పీఎస్ఐ ఎక్కువే చూపిస్తుంది. అందుకని 32 కావాలంటే 34 పెడుతున్నాను. నాలిగింటికీ ఒకేలా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఏ టైరు తగ్గిందన్నది మాత్రం తప్పు పోదు, మాకు ముఖ్యంగా కావలసింది అదే. గొట్టం మరతిప్పి తీసేటప్పుడు కొంచెం గాలి బుస్సుమంటుంది, చేయి త్వరగా ఆడాలి. కాసేపు నడిచాక ఇత్తడి మొన చురుక్కుమంటుంది, గుడ్డ ముక్క దగ్గర పెట్టుకుంటాను. పది నిమిషాలు ఏకబిగిన నడిస్తే విశ్రాంతి ఇవ్వాలని పుస్తకంలో ఉంది. నాలుగు టైర్లలో తలా రెండు మూడు నింపడానికి అంతసేపు పట్టదు గానీ, పూర్తిగా దిగిపోయిన టైరుకి పడుతుంది. తెల్లవారుజామున దీని మోత పక్క గదుల వాళ్లను లేపేస్తుంది. అందుకే ముందు రోజు బండి ఆపి మూడు నాలుగు గంటలయ్యాక, అందరూ మేలుకుని ఉండగానే ఆ పని చేసేస్తున్నాం.

మాది చిన్న కారు, ఎక్కేది ఇద్దరం, సామాను తక్కువ. కిందికి వంగి కూర్చోవడానికి మాకింకా ఇబ్బంది లేదు. ఇలాంటి ఇంటికి ఈ పంపు తప్పకుండా ఉండాలంటాను. టైరు పక్క గోడ కోసుకుపోయినా, రిమ్ నుంచి ఊడిపోయినా ఇది ఏమీ చేయలేదు, కాబట్టి దీన్ని చూసుకుని స్టెప్నీ ఇంట్లో వదిలేయకండి. పెద్ద టైర్ల బండి ఉన్నవాళ్లు, లేదా నలుగురైదుగురు నిండుగా వెళ్లేవాళ్లు, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే పెద్ద రకం చూసుకోవడం మేలు. ఏది కొన్నా వైరు వెనక చక్రందాకా అందుతుందో లేదో ముందే కొలిపించుకోండి. మా దానికి ముందు తలుపు తెరిచి పెడితేనే అందుతుంది, వాన పడితే ఆ సీటు తడవాల్సిందే.