కమిటీనా, కలెక్టరేటా, షీ టీమా: ఏది మేలు?

మా వాడకట్టులో ఇద్దరమ్మాయిలు నెల తేడాతో ఒకే బాధ చెప్పుకున్నారు: పనిచేసే చోట లైంగిక వేధింపులు. ఒకామెది హన్మకొండలో ప్రైవేటు ఆస్పత్రి రిసెప్షన్. యాభై మంది స్టాఫ్, వేధించేది సూపర్‌వైజర్. ఇంకొకామెది వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల షాపు. పనిచేసేది ఏడుగురు, చెయ్యి వేసింది సేటే. "అక్కా, షీ టీమ్‌కు ఫోన్ చెయ్యాల్నా?" అని ఇద్దరూ అడిగిన్రు. షీ టీమ్ అంటే ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందం. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను.

ఆస్పత్రి అమ్మాయికి ముందు కమిటీయే మేలన్నాను. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని, పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం చెప్తుంది. అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. విచారణ 90 రోజుల్లో తేలాలి. ఈలోపు ఆమెనో, అతన్నో వేరే చోటికి మార్చమని అడగొచ్చు, మూడు నెలల దాకా సెలవూ అడగొచ్చు. ఉద్యోగం వదులుకోకుండా ఊపిరి పీల్చుకునే వీలు పోలీస్ స్టేషన్‌లో దొరకదు. కాకపోతే చాలా చోట్ల కమిటీ కాగితం మీదే ఉంటుంది, లేదంటే యజమాని బంధువులతో నిండి ఉంటుంది. అందుకే "బయటి మెంబరు ఎవరో ముందు కనుక్కో" అన్నాను. కమిటీ వివరాలు అందరికీ కనబడేలా పెట్టడం యాజమాన్యం పని.

బట్టల షాపులో ఆ ఊసే లేదు. పదిమంది కన్నా తక్కువున్న చోటయినా, వేధించింది యజమానే అయినా వెళ్లాల్సింది జిల్లా స్థానిక కమిటీకి. ఇక్కడో తిరకాసు ఉంది. 2021 నుంచి మన ఊరు ఒకటే గానీ జిల్లాలు రెండు. షాపు వరంగల్ జిల్లాలో ఉంటే, ఇల్లు హన్మకొండలో ఉందని అక్కడి కలెక్టరేట్‌లో అర్జీ పెడితే తిప్పి పంపుతారు. పోలీసులకైతే ఆ చిక్కు లేదు, రెండు జిల్లాలకూ కమిషనరేట్ ఒక్కటే. ఒంటిమీద చెయ్యి వేయడం భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా శిక్ష. అందుకే ఆమెను స్టేషన్‌కే పొమ్మన్నాను, కమిటీకి అర్జీ కూడా పెట్టమన్నాను. ఒకటి చేస్తే ఇంకొకటి చేయొద్దని చట్టంలో లేదు.

షీ టీమ్ సంగతా? బస్టాండులో, దారిలో వెంటపడేవాణ్ని అప్పటికప్పుడు పట్టుకోవడంలో వాళ్లు గట్టి. షాపు మూసినంక సేటు మనిషి బండి మీద వెంబడిస్తే 100 కొట్టాల్సిందే. జీతం, డ్యూటీ, బదిలీ మాత్రం వాళ్ల చేతిలో ఉండవు.

నాలుగో దారి మా ఇళ్లలో అందరూ మొదట చెప్పేది: పెద్దమనుషుల పంచాయితీ. ఎంతో కొంత ఇప్పించి నోరు మూయించడమే అది. కమిటీ ముందు రాజీ కూడా బాధితురాలు కోరితేనే, అదీ డబ్బు ప్రస్తావన లేకుండా.

అన్నిటికన్నా ముందు గడువు. కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు మూడు నెలల్లో ఇవ్వాలి, సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. బట్టల షాపు అమ్మాయికి అప్పటికే రెండు నెలల పది రోజులు గడిచాయి. ఆ రాత్రే మా ఇంట్ల కూర్చుని, పాత బిల్లుబుక్కు వెనక తేదీలు, వాడన్న మాటలు, పక్కనున్న వాళ్ల పేర్లు వరుసగా రాసింది.