శ్రీకాకుళంలో శని, ఆదివారాలు: కథానిలయం కోసం మళ్ళీ వెళ్తాం, ఆ లాడ్జికి మాత్రం చచ్చినా వెళ్ళం

శ్రీకాకుళం అంటే చాలామందికి అరసవల్లి దర్శనం, కుదిరితే శ్రీకూర్మం, సాయంత్రానికి వైజాగ్ వెళ్ళిపోవడం, అంతే. మేం అలా కాకుండా ఊళ్ళోనే ఉందాం, పొద్దున్నే కెమెరా పట్టుకుని వీధులు తిరుగుదాం, ఎండెక్కాక కథానిలయంలో, అంటే ఇక్కడి తెలుగు కథల లైబ్రరీలో, కూర్చుని చదువుకుందాం, రాత్రికి తర్వాతి ట్రిప్ ప్లాన్ వేసుకుందాం అనుకుని వెళ్ళాం. నేను, మా అక్క, బావ. ఊరు మాకు ఎంతో నచ్చింది. లాడ్జి వాళ్ళు మాత్రం నిలువునా ముంచారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు స్టేషన్ సంగతి. టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది కానీ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో, అక్కణ్ణుంచి ఊరు ఇంకో 12, 13 కిలోమీటర్లు. తెల్లారుజామున దిగితే ఆటో వాళ్ళు 500 అంటారు, మేం బేరమాడి 350కి వచ్చాం. షేర్ ఆటో అయితే మనిషికి 40, సామాను తక్కువుంటే అదే నయం. బస్సులో వచ్చేవాళ్ళకి ఈ బాధ లేదు, ఆర్టీసీ కాంప్లెక్స్ ఊళ్ళోనే ఉంది.

లాడ్జి బయట బోర్డు మీద పెద్దక్షరాలతో 24 గంటల చెకౌట్ అని రాసుంది. ముగ్గురికి ట్రిపుల్ ఏసీ రూమ్ 1,800 అన్నారు. శనివారం పొద్దున్న ఏడింటికి దిగాం, మా రైలు ఆదివారం సాయంత్రం, అందుకని బావ ముందే అడిగాడు, రేపు ఏడు దాటాక సాయంత్రం ఐదు వరకు ఉంటాం, ఎంతవుతుంది అని. డెస్క్ దగ్గరున్నాయన "దానికేటుంది బాబూ, హాఫ్ డే వేసుకుంటాం, ఏడొందలివ్వండి సాలు" అన్నాడు. అంటే మొత్తం 2,500. అడ్వాన్స్ కింద 3,000 తీసుకున్నాడు, మిగిలిన 500 వెళ్ళేటప్పుడు ఇస్తానన్నాడు. రూమ్ సంగతి చెప్పాలంటే దుప్పట్లు పర్లేదు, గీజర్ పనిచెయ్యదు, ఏసీ శబ్దానికి రాత్రి అక్క ఫ్యానే వేయమంది.

స్నానాలు చేసి టిఫిన్‌కి బయటికొచ్చాం. సూర్యమహల్ వైపు వెళ్ళే దారిలో ఒక బండి దగ్గర జనం మూగి ఉంటే మేమూ ఆగాం. ఇడ్లీ మీద వేడివేడి బొంబాయి చట్నీ గరిటెడు పోసి ఇచ్చింది ఒకావిడ. ప్లేటు 30 రూపాయలు. శనగపిండి ఉడికీ ఉడకనట్టు కాకుండా సరిగ్గా కుదిరింది, పచ్చిమిరపకాయ ఘాటు, పైన నిమ్మకాయ పిండింది. బావ మూడు ప్లేట్లు తిన్నాడు. రాత్రంతా రైల్లో నిద్ర లేక ముఖం ముడుచుకుని ఉన్న మనిషి అక్కడ మామూలు మనిషయ్యాడు. మర్నాడు కూడా అక్కడే తిన్నాం, వేరే చోట వెతకలేదు.

ఫొటోల కోసం వచ్చేవాళ్ళకి నా సలహా, నాగావళి దగ్గరికి తెల్లారకముందే వెళ్ళండి. ఎక్కడో ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి ఈ ఊరి మధ్యలోంచి పారి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మేం వెళ్ళింది ధనుర్మాసం, నది సగం పైన ఇసకే, నీళ్ళు ఒక పక్కకి పాయగా ఉన్నాయి. ఆ మంచులో వంతెన మీంచి చూస్తే మనుషులు నడుస్తున్నది ఇసక మీదో నీళ్ళ మీదో తెలియదు. ఏడు దాటితే మంచు పోతుంది, లైటు గట్టిపడిపోతుంది, ఇంక ఫొటోలు వద్దు. ఒడ్డున కోటేశ్వరస్వామి గుడి, ఆ గుడి వీధిలో ముగ్గులేసే ఆడవాళ్ళు, నేను అన్నిటికన్నా ఎక్కువ సేపు ఉన్నది అక్కడే. ఒకావిడ చుక్కలు పెడుతూ తలెత్తకుండానే "నన్ను కాదమ్మా, ముగ్గు తియ్యండి" అంది, సరే అని ముగ్గే తీశాను. పక్కింటావిడ మాత్రం పిలిచి "మా గుంటడిది ఒకటి తీసి పంపండమ్మా" అని ఫోన్ నంబర్ ఇచ్చింది, ఆ రోజే పంపాను. అడక్కుండా మనుషుల ముఖాల మీదకి కెమెరా పెట్టకండి, అడిగితే వద్దనేవాళ్ళు ఇక్కడ తక్కువ.

పాత ఊళ్ళో జామియా మసీదు కూడా చూడాలి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో, 1641లో ఇక్కడి ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. అప్పట్లో ఈ ఊరు చికాకోల్, ఇక్కడి సన్నబట్టకి పెద్ద పేరు. అరసవల్లికి శనివారం సాయంత్రమే వెళ్ళొచ్చేశాం, ఎందుకంటే ఆదివారం సూర్యుడి వారం, క్యూ చూస్తే భయమేస్తుంది. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, దానికోసమే వచ్చేవాళ్ళయితే రూమ్ చాలా ముందుగా చూసుకోవాలి.

ఇంక కథానిలయం. విశాఖ ఎ కాలనీలో ఉంది, ఏడు రోడ్ల జంక్షన్ నుంచి ఆటోకి 60 ఇచ్చాం. కాళీపట్నం రామారావు గారు, అందరూ కారా మాస్టారనే పిలుస్తారు, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినప్పుడు ఆ డబ్బు దీనికి పెట్టారు, 1997 ఫిబ్రవరి 22న మొదలైంది. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలన్నది ఆయన పట్టుదల. 2021లో పోయారు కానీ పుస్తకాలు అలాగే నిలబడి ఉన్నాయి. ఒక రిటైర్డు బడిపంతులు ఇంత పని చేశాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ప్రభుత్వాలు చెయ్యాల్సిన పని ఇది.

అక్కకి ఇక్కడ ఒక పనుంది. మా చిన్నప్పుడు అమ్మ ఒక కథ చెప్పేది, ఇంట్లోంచి వెళ్ళిపోయిన పిల్ల కథ. ఏదో వారపత్రికలో చదివానని చెప్పేది, రాసిందెవరో గుర్తులేదు, తన పెళ్ళికి ముందు అని మాత్రం తెలుసు. అంతమాత్రానికే అక్కడివాళ్ళు విసుక్కోకుండా ఆ సంవత్సరాల బైండు వాల్యూములు తెచ్చి బల్ల మీద పెట్టారు. కాగితం బాగా ముదిరిన పసుపు, తిప్పుతుంటే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, పిన్నులు కొట్టిన చోట తుప్పు పేజీలోకి పాకి ఎర్రటి చుక్కలయ్యాయి. అక్క ఒక్కో పేజీని రెండు చేతులతో ఎత్తి తిప్పింది. బావ మొదట్లో గడియారం చూసుకుంటూ, భోజనం టైమవుతోందని సైగలు చేస్తూ కూర్చున్నాడు, కాసేపటికి ఆయనా ఒక కథల పుస్తకం తీసి దాంట్లో పడిపోయాడు. రెండు గంటల తర్వాత అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దొరికింది. తలనూనె ప్రకటన పక్కన, రెండున్నర పేజీల కథ. అమ్మ చెప్పినదాంట్లో చివరికి ఆ పిల్ల ఇంటికి తిరిగొస్తుంది, అచ్చులో రాదు. బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి అడిగితే "రాలేదని చెబితే మీరు పడుకునేవారా" అంది. అక్క ఆ సాయంత్రమంతా పెద్దగా మాట్లాడలేదు.

మీరు వెళ్ళేముందు తీసి ఉంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, కనీసం సగం రోజు ఉండేలా వెళ్ళండి, గంటలో చూసొచ్చేది కాదు. ఆ పూట భోజనం ఆలస్యమైనా దగ్గర్లో ఒక మెస్‌లో 120కి మంచి భోజనం దొరికింది. శనివారమని అక్క పప్పూ కూరలే తింది, బావ చేపల పులుసు.

ఆదివారం తెల్లారి శ్రీకూర్మం వెళ్ళొచ్చాం, ఆటో రానూపోనూ 600. రెండు ధ్వజస్తంభాలు, నక్షత్ర తాబేళ్ళు, ప్రాకారం గోడల మీద పాత బొమ్మలు, హాయిగా గడిచింది. పదిన్నరకి లాడ్జికి వచ్చి చూస్తే మా తాళం మీద ఇంకో తాళం! లోపల మా బ్యాగులు, అక్క బీపీ మాత్రలు. కిందకెళ్తే డెస్క్ దగ్గర వేరే మనిషి. "రాత్రి డ్యూటీ ఆయన ఏటి చెప్పినాడో నాకు తెల్దండి, మా దగ్గర హాఫ్ డే లేదు" అని ఒక చీటీ మీద లెక్క రాశాడు. రెండు రోజులు 3,600, ఎక్స్‌ట్రా బెడ్ 400, వేడినీళ్ళ బకెట్లు మూడు 60, మొత్తం 4,060, ఇంకా 1,060 కట్టండి అన్నాడు. ట్రిపుల్ రూమ్‌కి ఎక్స్‌ట్రా బెడ్ ఏంటి? గీజర్ పాడైతే వేడినీళ్ళకి డబ్బులేంటి? బోర్డు మీద 24 గంటలు అని ఉంది కదా అంటే అది పాత బోర్డు అంట. బావ అరిచాడు, నేనూ అరిచాను, అతను కదల్లేదు. అప్పుడు అక్క నెమ్మదిగా, సరే బాబూ కడతాం, ఇదంతా జీఎస్టీ నంబరుతో బిల్లు వేసివ్వు అంది. అంతే, గొంతు మారిపోయింది. ఎవరికో ఫోన్ చేశాడు, పైన తాళం తీయించాడు, ఇంకేం కట్టక్కర్లేదన్నాడు. మా 500 మాత్రం తిరిగివ్వలేదు, ఐదు వరకు ఉండనివ్వనూ లేదు, ఎండలో బ్యాగులు మోసుకుని రోడ్డున పడ్డాం. ఇలాంటి చోట ఎవరైనా సరే, చెకౌట్ టైమూ అడ్వాన్సూ రిజిస్టర్‌లో రాయించి ఫోన్‌తో ఫొటో తీసుకోండి, అడ్వాన్స్ ఒక రోజు అద్దెకి మించి ఇవ్వకండి, గొడవైతే గొంతు పెంచకుండా బిల్లు అడగండి. ఊళ్ళో మిగతా అందరూ, ఆటో అతను, మెస్ వాళ్ళు, మర్యాదగానే చూశారు. ఈ ఒక్కడి వల్ల ఊరికి చెడ్డపేరు రావడం నాకు కష్టంగా ఉంది.

స్టేషన్‌కి ముందే వెళ్ళిపోయి ప్లాట్‌ఫామ్ మీదే బావ తర్వాతి ట్రిప్ ప్లాన్ తీశాడు. ఫిబ్రవరిలోనే రావాలట, తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మార్చి దాటితే ఉండవు. శాలిహుండం బౌద్ధ స్తూపాలు కూడా పెట్టాడు, వాటిని 1919లో గిడుగు రామమూర్తి గారు బయటపెట్టారని తెలిశాక అక్కకి ఆ కొండ ఎక్కాలని పట్టుదల వచ్చింది. శ్రీముఖలింగం వేరే రోజు. కారుకి రోజుకి 3,200 అడిగారు, డీజిల్ వాళ్ళదే, నాకు సబబుగానే అనిపించింది. కళింగపట్నం బీచ్‌లో సూర్యోదయం తియ్యాలంటే శ్రీకాకుళంలో నాలుగున్నరకల్లా బయల్దేరాలి. బావ ఒప్పుకున్నాడు. అక్క మాత్రం ఆ రోజు మీరిద్దరూ వెళ్ళండి, నన్ను కథానిలయం దగ్గర దింపెయ్యండి అంది.