తాతగారి ఫిడేలు అసలుదేనా? మైలాపూరులో ఒక మరమ్మతు దుకాణం

మా తాతగారి ఫిడేలు లోపల అంటించి ఉన్న చీటీ మీద ఇటలీకి చెందిన ప్రఖ్యాత వయొలిన్ తయారీదారు స్ట్రాడివరి పేరు, 1721 అనే సంవత్సరం కనబడుతున్నందువల్ల, మా ఇంట్లో మూడు తరాలుగా కోట్ల లెక్కలు సాగుతూనే ఉన్నాయి. ఆ సంగతేదో తేల్చుకుందామని విజయవాడ నుంచి దానిని చెన్నైకి తీసుకువెళ్ళి, మైలాపూరులో తండ్రీకొడుకులు నడుపుతున్న ఒక వయొలిన్ మరమ్మతు దుకాణంలో చూపించాను. పరీక్షకు తీసుకున్నది 1,500 రూపాయలు, పట్టిన సమయం గంటన్నర.

పెద్దాయన చీటీ జోలికి చివరిదాకా పోలేదు. ఆయన మీద నాకు గురి కుదిరింది అక్కడే. స్ట్రాడివరి 1737లో మరణించాడు. పందొమ్మిదో శతాబ్దం చివర నుంచి జర్మనీలోని మార్క్‌నొయ్‌కిర్షెన్ పరిసరాలలో ఇంటింటా తయారైన చవక వయొలిన్లలో ఆయన పేరున్న చీటీలు అంటించడం మామూలే కనుక, చీటీ ఏ నమూనాను అనుసరించారో చెబుతుందే తప్ప ఎవరు చేశారో చెప్పదని ఆయన వివరించారు. ఎఫ్ ఆకారపు రంధ్రం గుండా సన్నని దీపాన్ని, పళ్ళ వైద్యులు వాడే అద్దాన్ని పోనిచ్చి నాకూ లోపలి భాగం చూపించారు. పై పలక అడుగున విడిగా చెక్కి అతికించవలసిన బాస్ బార్ అనే పొడవాటి కర్రపట్టీ పలకలోనే కలిపి చెక్కి ఉంది. పై మూలలలో ఉండవలసిన దిమ్మలు అసలు లేవు. వెనుక పలక అంచున పొదిగినట్లు కనిపించే జంట గీత నిజానికి సిరాతో గీసినది. చివరకు చీటీ అడుగున పేరుకున్న మురికిని కుంచెతో తుడిచేసరికి ‘మేడ్ ఇన్ జర్మనీ’ అన్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. ఇటలీలోని క్రెమోనా వాసి 1721లో అలా రాసి ఉంటాడని మా తాతగారు కూడా నమ్మేవారు కారు.

చెక్క వలయాలను లెక్కించే పరీక్ష చేయిస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఆ చెట్టు ఏ సంవత్సరం దాకా పెరిగిందో దానివల్ల తెలియవచ్చు గాని చేసినవారి పేరు తెలియదని, ఈ వాద్యానికి ఆ ఖర్చు దండగని చెప్పారు. ఫిడేలుకు ఉన్న పగులు బాగుచేయిస్తే దాని ధర పాతిక వేలకు మించదని వెల కట్టారు. మీరే కొంటారా అంటే, పరీక్షించిన వాద్యాన్ని తాము కొనబోమన్నారు. వెల కట్టేవాడే కొనేవాడు కూడా అయితే ఆ వెలను ఎవరు నమ్ముతారు?

లోటు ఒకటుంది. చెప్పినదంతా నోటిమాటే, రాతపూర్వకమైన నివేదిక ఇవ్వరు. బీమా కోసమో, అన్నదమ్ముల పంపకం కోసమో వెళ్ళేవారికి అది పెద్ద ఇబ్బంది. తమ వాద్యం ఏమిటో తెలిస్తే చాలుననుకునేవారికి మాత్రం పెట్టిన డబ్బుకు పూర్తి ఫలితం దక్కుతుంది. పగులు మరమ్మతుకు ఫిడేలును అక్కడే వదిలి వచ్చాను. మూడు వారాలు పడుతుందన్నారు.