ట్రైలర్‌ని లాట్‌లో వదిలేసి నిశ్చింతగా నిద్రపోవాలంటే: మూడేళ్లు వాడిన కప్లర్ లాక్, వీల్ లాక్ గురించి

ముందు నా మాట చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదవండి. క్యాంపింగ్ ట్రైలర్‌ని నెలల తరబడి స్టోరేజ్ లాట్‌లో (బండ్లు అద్దెకి నిలిపే స్థలంలో) వదిలేసేవాళ్లు కప్లర్‌ని (ట్రక్ వెనక ఉండే ఇనుప గుండు, అంటే బాల్ మీద కూర్చుని ట్రైలర్‌ని తగిలించే ముందు ముక్కు) మొత్తం మూసేసే స్టీల్ లాక్ ఒకటి, చక్రానికి వేసే లాక్ ఒకటి, రెండూ కొనుక్కోండి. ఒకటి కొని రెండోది తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. నాకు రెండూ కలిపి 330 డాలర్ల దాకా అయ్యాయి. ఆ డబ్బు ఖర్చుపెట్టినందుకు ఈ రోజుకీ సంతోషిస్తున్నాను, ఎందుకో చెప్తాను.

మేం ఉండేది డల్లాస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. మా కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ ప్రకారం డ్రైవ్‌వేలో ట్రైలర్ పెట్టకూడదు, ట్రిప్‌కి ముందు సామాను సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు మాత్రం ఊరుకుంటారు. అందుకని మా 24 అడుగుల ట్రైలర్ (రెండు యాక్సిళ్లది, 2022లో సెకండ్ హ్యాండ్‌లో 18 వేల డాలర్లకి తీసుకున్నాం) ఏడాదిలో పది నెలలు ఇంటికి 20 నిమిషాల దూరంలో ఒక లాట్‌లో ఒంటరిగా పడి ఉంటుంది. చుట్టూ ఫెన్సింగ్, గేటుకి కోడ్, స్తంభాల మీద కెమెరాలు అన్నీ ఉన్నాయి. అవన్నీ చూసి మొదట్లో నేను కూడా ధైర్యంగానే ఉన్నాను.

కొంచెం ఆలోచిస్తే ఆ ధైర్యం నిలవదు. ట్రైలర్‌కి ఇంజిన్ లేదు, స్టార్ట్ చెయ్యడానికి తాళం చెవితో పని లేదు. సరైన సైజు బాల్ ఉన్న ట్రక్ వెనక్కి వచ్చి, జాక్ తిప్పి కప్లర్‌ని బాల్ మీదకి దించి, గడియ వేసుకుంటే బండి వాడిదే. చేయి తిరిగినవాడికి రెండు మూడు నిమిషాల పని. పైగా మన ట్రైలర్‌ని మనం లాక్కెళ్తున్నా, దొంగ లాక్కెళ్తున్నా చూసేవాళ్లకి తేడా తెలీదు, ఎవరూ ఆపి అడగరు. గేటు కోడ్ అంటారా, ఆ లాట్‌లో స్లాట్ ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కోడ్ ఉంది, ఖాళీ చేసి వెళ్లినవాళ్ల కోడ్‌లు ఎంత త్వరగా తీసేస్తారో ఎవరికి తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు.

నేను మొదట వాడింది పదిహేను డాలర్ల గడియ తాళం. కప్లర్ పైన గడియ ఉంటుంది కదా, దాని రంధ్రంలోంచి దూర్చి వేసే చిన్న కడ్డీ. ట్రక్‌కి తగిలించి ఉన్నప్పుడు ఇది మంచిదే, దారిలో హోటల్ పార్కింగ్‌లో రాత్రి ఆగితే ఎవడూ గడియ లేపకుండా ఆపుతుంది. కానీ ట్రైలర్ ఒక్కటే నిలబడి ఉన్నప్పుడు ఇది తాళం వేసి గొళ్ళెం మరిచినట్టే. గడియ కదలకపోయినా కప్లర్ కింద గిన్నెలాంటి గుంట ఖాళీగానే ఉంటుంది, అందులోకి కాస్త చిన్న బాల్ దూర్చి, చెయిన్‌తో బిగించి లాక్కుపోవచ్చు. ఆ కడ్డీ కూడా బోల్ట్ కట్టర్‌కి ఒక్క నొక్కు.

ఈ సంగతి నాకు 2022 చివర్లో పక్క స్లాట్ ఆయన చెప్పాడు. రిటైరైన పెద్దాయన, ఏడాదికి నాలుగైదు నెలలు రోడ్డు మీదే ఉండేవాడు. నాకు చెప్పి తను మాత్రం మార్చుకోలేదు. రేపు చూద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాడు.

2023 థాంక్స్‌గివింగ్ వారాంతం. సోమవారం పొద్దున పెద్దాయన ఫోన్ చేసి, నీ ట్రైలర్ ఉంది కానీ ఒకసారి వచ్చి చూసుకో అన్నాడు. ఆయనది లేదు. ఆయన స్లాట్‌లో కంకర మీద చక్రాల గుర్తులు, జాక్ కింద పెట్టుకునే చెక్క పలక, తెగిన గడియ తాళం ముక్క, అంతే మిగిలాయి. నా కప్లర్ లాక్ మీద నాలుగు చోట్ల పలుగుతో మీటిన గాట్లు, ఒక చోట నల్ల పెయింట్ చెక్కలా ఊడి కింద స్టీల్ మెరుస్తోంది. తాళం చెవి పెట్టే రంధ్రం చుట్టూ స్క్రూడ్రైవర్ గుచ్చిన చుక్కలు. వీల్ లాక్‌ని ముట్టుకున్నట్టు కూడా లేదు. వేలితో ఆ గాట్లు తడుముతూ ఉంటే చేతులు వణికాయి. ఆ పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, పోయింది ఆయనది, ఓదార్పు నాకు.

లాట్ ఆఫీసులో వాళ్లు ఫుటేజీ చూపించారు. తెల్లవారుజామున ఒక ట్రక్ దర్జాగా కోడ్ కొట్టి లోపలికి వచ్చింది, వెనక కాగితపు టెంపరరీ నంబర్ ప్లేటు. టెక్సాస్‌లో అప్పటికి ఆ కాగితపు ప్లేట్లు నడుస్తున్నాయి, దొంగ ప్లేట్లు విపరీతంగా పెరిగిపోవడంతో 2025 జూలై 1 నుంచి వాటిని ఎత్తేసి మెటల్ ప్లేట్లు తెచ్చారు. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, కెమెరా మనకి జరిగింది చూపిస్తుందే తప్ప జరగబోయేదాన్ని ఆపదు. అగ్రిమెంట్‌లో, దొంగతనానికి మా బాధ్యత లేదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆ లైను మీద మీరు కూడా సంతకం పెట్టే ఉంటారు, తీసి చూడండి.

ఇక లాక్ సంగతికి వస్తాను. కప్లర్ లాక్‌లు ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి, ఉత్తుత్తి బాల్ ఒకటి గుంటలో దూరి పైనుంచి యూ ఆకారం కడ్డీ పడేది, నలభై యాభై డాలర్లకి వస్తుంది, ఏ సైజు కప్లర్‌కైనా పడుతుందని రాస్తారు. అన్నిటికీ పడేది దేనికీ బిగుతుగా పట్టదు, అదే దాని లోపం. కడ్డీకీ కప్లర్‌కీ మధ్య సందు ఉంటుంది, ఆ సందులో పలుగు దూరుతుంది. రెండోది, మీ కప్లర్ ఆకారానికే చేసిన స్టీల్ పెట్టె. కప్లర్ ముక్కు, గడియ, గుంట మొత్తం లోపలికి వెళ్లిపోతాయి, తాళం కూడా స్టీల్ గోడల మధ్య దాగి ఉంటుంది. నేను తీసుకున్నది ఇది, అప్పట్లో దాదాపు 210 డాలర్లు. నాలుగు కిలోలకు పైనే బరువు ఉంటుంది, మా ఆవిడ మొదటిసారి చేతిలోకి తీసుకుని ఇదేంటండీ, రోకలి బండలా ఉంది అంది.

మూడేళ్ల వాడకంలో మంచీ చెడూ చెప్తాను. పలుగు దూర్చడానికి సందు లేదు, ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది అదే. పెట్టడం అర నిమిషం. చెడు ఏంటంటే, తాళం రంధ్రం మీద మూత సరిగ్గా పడకపోతే ఉత్తర టెక్సాస్ దుమ్ము మొత్తం అందులోకే పోతుంది. మొదటి వేసవి చివర్లో ట్రిప్‌కి బయల్దేరే రోజు చెవి తిరగలేదు, పిల్లలు ట్రక్‌లో కూర్చుని ఉన్నారు, బయట ఎండ 104 డిగ్రీలు, నలభై నిమిషాలు టెన్షన్. నేను చేసిన తప్పు నూనె కొట్టడం, నూనెకి దుమ్ము పట్టి లోపల ముద్దయింది. అప్పట్నుంచి గ్రాఫైట్ పొడి వాడుతున్నాను, రెండు నెలలకోసారి చిటికెడు, మళ్లీ ఇబ్బంది రాలేదు. ఇంకో మాట, బ్యాటరీతో నడిచే యాంగిల్ గ్రైండర్ తెచ్చుకుని తీరిగ్గా కూర్చునేవాడిని ఈ లాక్ ఆపలేదు. కానీ గ్రైండర్ చప్పుడు, నిప్పురవ్వలు రాత్రి పూట చాలా దూరం వెళ్తాయి, ఆ రిస్కు తీసుకునేవాడు తక్కువ.

మరి వీల్ లాక్ ఎందుకంటే, కప్లర్‌కి ఎంత మంచి తాళం వేసినా ముందు సేఫ్టీ చెయిన్‌లు, ఏ-ఫ్రేమ్ (కప్లర్ వెనక ఉండే ఏ అక్షరం ఆకారపు ఇనుప చట్రం) అలాగే ఉంటాయి. వాటికి గొలుసు చుట్టి నెమ్మదిగా ఈడ్చుకెళ్లిపోవచ్చు, వాడికి ట్రైలర్ పాడైపోతుందన్న బాధ లేదు కదా. చక్రం తిరగకపోతే ఆ ఈడ్పు కష్టం. కొనేటప్పుడు రెండు చూడండి. టైరు వెడల్పుకి సరిపోవాలి, మాది 225 మిల్లీమీటర్ల టైరు. రెండోది ఇంకా ముఖ్యం, చక్రం నట్లని కప్పే పళ్లెం ఉండాలి. అది లేకపోతే జాక్ ఎత్తి ఆ చక్రం విప్పేస్తాడు, రెండు యాక్సిళ్ల ట్రైలర్ మూడు చక్రాల మీద కూడా కొంత దూరం నడుస్తుంది. మాది కమలాపండు రంగులో ఉంటుంది, గేటు దగ్గర్నుంచే కనిపిస్తుంది, అలా కనిపించడమే సగం పని.

దీంతో చిరాకు లేదని చెప్పను. లాక్ కడ్డీ దూరే చక్రం రంధ్రం సరిగ్గా కిందికి రావాలంటే ట్రైలర్‌ని ఒక అడుగు ముందుకో వెనక్కో జరపాల్సి వస్తుంది, మొత్తం పది నిమిషాల పని. దాన్ని తియ్యడం మర్చిపోయి ట్రక్ కదిపితే ఫెండర్ విరిగిపోతుంది. అందుకని మా ఆవిడ ఒక పద్ధతి పెట్టింది, వీల్ లాక్ చెవికి ఎర్ర రిబ్బన్ కట్టి ట్రక్ గేర్ లీవర్‌కి వేలాడదీస్తుంది. ఆ రిబ్బన్ తియ్యనిదే గేర్ మీద చెయ్యి పడదు.

క్యాంప్‌గ్రౌండ్‌లో ఇంత హడావిడి అక్కర్లేదు. టెక్సాస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్‌లో లైట్‌హౌస్ ట్రెయిల్ అనే నడక దారికి వెళ్తే రానూపోనూ దాదాపు 6 మైళ్లు, సగం పూట ట్రైలర్ ఒంటరిగా ఉంటుంది, అప్పుడు కప్లర్ లాక్ ఒక్కటే వేస్తాం. అక్కడ పోయేవి ఎక్కువగా జనరేటర్, ప్రొపేన్ సిలిండర్, సైకిళ్లు లాంటివే.

ఆ సామాను పెట్టే బయటి అరల గురించి ఒక మాట, ఇది చాలామందికి తెలీదు. వాటి తాళం మీద చూడండి, సీహెచ్ 751 అని రాసి ఉండే అవకాశం చాలా ఎక్కువ. లెక్కలేనన్ని ట్రైలర్లకి అదే చెవి, కొన్ని డాలర్లకి ఎవరైనా ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. మీ చెవితో పక్క ట్రైలర్ అర తెరుచుకుంటుంది, వాళ్ల చెవితో మీది. నేను నాలుగు తాళాలూ మార్చేశాను, స్క్రూడ్రైవర్ ఉంటే గంట పని.

ట్రాకర్ సంగతి. మా ట్రైలర్‌లో ఆపిల్ వాళ్ల చిన్న ట్రాకర్ ఎయిర్‌ట్యాగ్ ఒకటి ఉంది, చౌక, సీఆర్ 2032 బ్యాటరీతో ఏడాది వరకూ వస్తుంది. కానీ అది చుట్టుపక్కల ఆపిల్ ఫోన్‌లు ఉంటేనే పలుకుతుంది, పైగా దొంగ దగ్గర ఐఫోన్ ఉంటే నీతో పాటు ఎవరిదో ఎయిర్‌ట్యాగ్ కదులుతోందని వాడికే కబురు పంపుతుంది, మనుషుల్ని వెంటాడటానికి వాడకుండా పెట్టిన ఏర్పాటు అది. అందుకని సెల్ నెట్‌వర్క్ మీద నడిచే జిపిఎస్ ట్రాకర్ కూడా పెట్టాను. ఇక్కడ ఒక జాగ్రత్త. లాట్‌లో వదిలేటప్పుడు అందరం బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపేస్తాం కదా, ట్రాకర్ వైరు ఆ స్విచ్ తర్వాత కలిపితే అది కూడా ఆగిపోతుంది. స్విచ్‌కి ముందు, నేరుగా బ్యాటరీకి ఫ్యూజ్ పెట్టి కలపాలి, ట్రాకర్‌కి సొంత బ్యాటరీ కూడా ఉండాలి, ఎందుకంటే తెలివైనవాడు ముందు ట్రైలర్ బ్యాటరీనే పీకుతాడు. అల్యూమినియం గోడకి ఆనించి పెట్టకండి, సిగ్నల్ అందదు.

ఇన్సూరెన్స్ విషయంలో మనవాళ్లు చాలామంది పొరపాటు పడతారు. ట్రక్‌కి ఫుల్ కవరేజ్ ఉంది కదా, ట్రైలర్‌కి కూడా వర్తిస్తుందిలే అనుకుంటారు. లాగేటప్పుడు ఎవరికైనా తగిలితే ట్రక్ లయబిలిటీ సాధారణంగా పని చేస్తుంది, ట్రైలరే పోతే ట్రైలర్ మీద విడిగా కాంప్రహెన్సివ్ (దొంగతనం లాంటి నష్టాలకి వర్తించే కవరేజ్) ఉండాల్సిందే. పెద్దాయనకి అది ఉంది, కానీ పాలసీ మార్కెట్ విలువ లెక్కన ఇచ్చేది, తరుగుదల పోను వచ్చిన చెక్కుతో అలాంటి ట్రైలర్ మళ్లీ కొనలేకపోయాడు. పోలీస్ రిపోర్ట్‌కి 17 అంకెలూ అక్షరాల విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) కావాలి, ఆయన కాగితాలన్నీ ట్రైలర్ డ్రాయర్‌లోనే ఉండిపోయాయి. దయచేసి ఆ నంబర్, టైటిల్ (యాజమాన్య పత్రం) ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, మంచం కింద చెక్క మీద మార్కర్‌తో నంబర్ రాసిపెట్టండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎన్‌ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాలు, బండ్ల దొంగతనాల మీద పనిచేసే అమెరికా సంస్థ) వాళ్ల విన్‌చెక్ సైట్‌లో నంబర్ కొట్టి చూడండి, ఉచితం. ఆ పెద్దాయన ట్రైలర్ ఇప్పుడు ఎవరి ఇంటి ముందు ఉందో, వాళ్లకి అది దొంగదని తెలుసో లేదో.

మార్కులు అడిగితే, కప్లర్ లాక్‌కి ఐదుకి నాలుగున్నర, దుమ్ము మూత కోసం అర తగ్గించాను. వీల్ లాక్‌కి నాలుగు. గడియ తాళానికి దారిలో మూడు, లాట్‌లో సున్నా.

కొనే ముందు కప్లర్ పైన అచ్చు కొట్టిన అంకెలు ఫోటో తీసుకోండి, బాల్ సైజు అక్కడే ఉంటుంది. పెద్ద ట్రైలర్లకి మామూలుగా 2 5/16 అంగుళాలు, చిన్నవాటికి 2. సైజు ఒక్కటే చాలదు, కప్లర్ చేసిన కంపెనీని బట్టి ముక్కు ఆకారం మారుతుంది, మొదటిసారి నేను సైజు మాత్రమే చూసి తెప్పిస్తే ముక్కు లోపలికి దూరక వెనక్కి పంపాల్సి వచ్చింది. కొత్తది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజులూ ఆఫీసు నుంచి వస్తూ లాట్ మీదుగా వెళ్లి ట్రైలర్ ఉందో లేదో చూసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.